నక్కవాగు ఒడ్డున తల్లులు
మంజీర తీరం: చరిత్ర ధారావాహిక, 14వ భాగం

సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో గడిచిన యాభై ఏళ్లుగా తల్లులు పిల్లల్ని కాపాడుకుంటూ వచ్చిన చరిత్ర చాలావరకు తాగునీటి చరిత్రే. ఇక్కడి ఆపద ఒక్క రాత్రిలో ముంచెత్తిన వరద లాంటిది కాదు. ఏటికేడు వాగులో, చెరువులో, బావిలో, బోరులో పేరుకుంటూ వచ్చింది. కోర్టు తీర్పుల్లో పంటల లెక్క ఉంది, ఎకరాల లెక్క ఉంది, శుద్ధి కేంద్రాల లెక్క ఉంది. ఇంటికి నీళ్లు తెచ్చి, వాటిని పిల్లలకు తాగించిన ఆడవాళ్ల ప్రస్తావన మాత్రం తక్కువ. ఆ నీటి వెంట నడిస్తే ఈ ప్రాంత చరిత్ర వేరుగా కనిపిస్తుంది.

వాగు, చెరువు, చెలమ

నక్కవాగు మంజీరకు ఉపనది. ఇసుకవాగు, పాములవాగు వంటి చిన్న వాగులను కలుపుకొని పటాన్‌చెరు, జిన్నారం, సంగారెడ్డి ప్రాంతాల పల్లెల మీదుగా పారి మంజీరలో కలుస్తుంది. పోచారం, బాచుగూడెం, చిట్కుల్, లక్డారం, ఇస్మాయిల్‌ఖాన్‌పేట వంటి ఊళ్ల సాగు ఈ నీటితో ముడిపడి ఉండేది. కాజీపల్లి, గండిగూడెం, కిష్టారెడ్డిపేట వంటి చోట్ల చెరువులే ఆధారం. చెరువు నిండితే దాని కింది బావుల్లో ఊట ఉండేది.

ఎండాకాలం వాగు ఎండినప్పుడు తెలంగాణ పల్లెల్లో ఆడవాళ్లు చెలమ తోడేవారు. ఇసుకలో మోకాలి లోతు గుంట తీసి, మొదట ఊరిన మడ్డి నీళ్లను చిప్పతో ఎత్తిపోస్తే, కాసేపటికి అడుగున తేట నీరు పడుతుంది. దాన్ని చెంబుతో ముంచి, బిందె మూతికి కట్టిన పాత చీరగుడ్డ మీదుగా పోసుకుంటారు. ఇసుకే వడపోత. ఒక బిందె నిండేదాకా కూర్చుని ఎదురుచూడాలి. నీరు రంగు తేలితే, వాసన కొడితే ఆ చెలమను వదిలి ఇంకోటి తోడతారు. మంచి నీళ్లేవో చెడ్డ నీళ్లేవో కంటితో, ముక్కుతో, నాలుకతో తేల్చే ఈ నేర్పు తల్లి నుంచి బిడ్డకు వచ్చింది. ఫ్యాక్టరీలు వచ్చాక అక్కరకు రాకుండా పోయింది ఈ నేర్పే.

ఈ పల్లెలకు దగ్గరలోనే మంచి నీళ్లు పైపుల్లో పారుతుండేవి. సంగారెడ్డి సమీపంలోని మంజీర బరాజ్ నుంచి 1965లోనే హైదరాబాద్‌కు తాగునీరు మొదలైంది. తర్వాత సింగూరు నీళ్లూ తోడయ్యాయి. నగరం మంజీర నీళ్లు తాగుతున్న ఆ కాలంలో పరిసర పల్లెల్లో చాలావాటికి బావి, బోరింగే దిక్కు.

ఫ్యాక్టరీలు వచ్చిన తీరు

1960లలో రామచంద్రపురంలో బీహెచ్ఈఎల్ భారీ విద్యుత్ పరికరాల కర్మాగారం వచ్చింది. 1972లో మెట్ట పంటల పరిశోధనకు అంతర్జాతీయ సంస్థ ఇక్రిశాట్ పటాన్‌చెరులో వెలిసింది. 1970ల నడుమ పటాన్‌చెరు పారిశ్రామిక వాడ మొదలైంది. అప్పటి మెదక్ జిల్లాకు వెనుకబడిన ప్రాంతాల రాయితీలు వర్తించాయి. 1980లో ఇందిరాగాంధీ మెదక్ లోక్‌సభ స్థానం నుంచి గెలవడంతో జిల్లా మీద పాలకుల దృష్టి పెరిగింది. పటాన్‌చెరు తర్వాత బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి, పాశమైలారం వరుసగా ఫ్యాక్టరీల ఊళ్లయ్యాయి.

మందుల ముడిసరుకు తయారుచేసే బల్క్ డ్రగ్ కంపెనీలు ఇక్కడే గుంపుగా రావడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది 1970 పేటెంట్ చట్టం. మందు మీద కాకుండా తయారీ పద్ధతి మీదనే అది పేటెంట్ ఇచ్చింది. విదేశీ మందును వేరే పద్ధతిలో చవకగా చేసే దారి భారతీయ కంపెనీలకు దొరికింది. రెండోది హైదరాబాద్ బాలానగర్‌లోని ప్రభుత్వ రంగ సంస్థ ఐడీపీఎల్. అక్కడ పని నేర్చిన రసాయన నిపుణులు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టారు. మందులు చవకయ్యాయి, దేశ విదేశాలకు ఎగుమతులు సాగాయి, జిల్లాలో కొలువులు పుట్టాయి.

బల్క్ డ్రగ్ తయారీలో ఒక్కో మందుకు అనేక దశల రసాయన చర్యలు ఉంటాయి. దశ దశకూ ద్రావణాలు, ఆమ్లాలు, క్షారాలు వాడతారు. చేతికొచ్చే సరుకు కిలోల్లో ఉంటే మిగిలే వ్యర్థ జలాలు పీపాల్లో ఉంటాయి. వాటిలో లవణాల మోతాదు మరీ ఎక్కువ. నీటి కాలుష్య నివారణ చట్టం 1974లోనే వచ్చినా, తొలి రోజుల్లో ఆ నీళ్లు పల్లం వెతుక్కుని వాగుల్లోకి, కుంటల్లోకి చేరాయి. బొల్లారంలోని అసానికుంట, కాజీపల్లి చెరువు, ఇసుకవాగు, నక్కవాగు పేర్లు కాలుష్య నివేదికలకు ఎక్కాయి.

వంటింటి ఉపాయాలు ఓడిన చోట

నీళ్లు చెడ్డాయని తోస్తే ఇంట్లో చేసే ఉపాయాలు తరతరాలుగా ఉన్నవే: కాచి చల్లార్చడం, పటిక తిప్పడం, గుడ్డతో వడగట్టడం, బావిలో బ్లీచింగ్ పొడి వేయించడం. కలరా, టైఫాయిడ్, నీళ్ల విరేచనాల మీద ఇవి పనిచేస్తాయి. కాచితే క్రిములు చస్తాయి, పటిక వేస్తే మట్టి అడుగున పేరుకుంటుంది. కరిగిపోయిన లవణాల మీద, ఆర్సెనిక్ లాంటి విషాల మీద, మందుల అవశేషాల మీద ఇవి సాగవు. కాచడం వల్ల లవణాల గాఢత పెరుగుతుంది కూడా. పది లీటర్లు మరిగి ఎనిమిది లీటర్లయితే, ఆ మిగిలిన నీటిలో లవణం పాతిక శాతం ఎక్కువవుతుంది. జాగ్రత్త పడిన తల్లి బిడ్డకు ఇంకా చిక్కటి ఉప్పునీరు తాగించినట్టవుతుంది.

నాలుక కూడా కొంతవరకే సాయపడింది. లవణం ఎక్కువైతే రుచి తెలుస్తుంది, అన్నం సరిగా ఉడకదు, పప్పు మెత్తబడదు, సబ్బు నురగ రాదు. ఆర్సెనిక్‌కు రుచీ లేదు, వాసనా లేదు. తాగునీటిలో దాని పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాము. పటాన్‌చెరు ప్రాంతపు నేలలో, నీటిలో ఆర్సెనిక్, ఇతర భార లోహాలు ఉన్నట్టు హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు చేసిన అధ్యయనాల్లో బయటపడింది. గడ్డపోతారం పరిసరాల పేరు ఆ అధ్యయనాల్లో ప్రత్యేకంగా కనిపిస్తుంది.

తల్లికి మిగిలిన ఉపాయం ఒక్కటే: నీళ్లు తెచ్చే చోటు మార్చడం. దగ్గరి బోరింగు వదిలి దూరపు బావికి పోవాలి. వాడకానికి ఒక నీళ్లు, తాగడానికి ఒక నీళ్లుగా బిందెలు వేరు చేయాలి. పిల్లలు వాగులో ఈదకుండా, కుంటలో దిగకుండా కాపు కాయాలి. ఇదంతా పొలం పనికి, కూలికి పోయే పొద్దులోంచి తీసిన సమయమే. కూలి పోగొట్టుకున్న ఆ గంటలు ఏ నష్టపరిహారం దరఖాస్తులోనూ రాయలేదు.

చిన్న ఒంటికి పెద్ద దెబ్బ

ఒకే బావి నీళ్లు తాగినా పెద్దవాళ్లకంటే పిల్లలకు హాని ఎక్కువ. ఒంటి బరువును బట్టి చూస్తే పసిపిల్లలు పెద్దవాళ్లకంటే చాలా ఎక్కువ నీళ్లు, పాలు తాగుతారు. నేల మీద పాకుతారు, చేతికి దొరికింది నోట్లో పెట్టుకుంటారు. సీసం లాంటి లోహాన్ని వాళ్ల పేగులు పెద్దవాళ్లకంటే అనేక రెట్లు ఎక్కువగా పీల్చుకుంటాయి. నీటిలో నైట్రేట్లు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే, పోతపాలు తాగే శిశువుల రక్తం ఆక్సిజన్ మోసే శక్తి కోల్పోయి, ఒళ్లు నీలం తిరిగే ప్రమాదం ఉంది. అందుకే ఇలాంటి ఊళ్లలో తల్లిపాలకు మామూలుకన్నా విలువ ఎక్కువ. మొదటి ఆరు నెలలూ తల్లిపాలు తప్ప చుక్క నీళ్లు కూడా పట్టొద్దన్న వైద్య సూత్రం పాటిస్తే, చెడ్డ నీళ్లు నేరుగా శిశువు నోటికి చేరవు.

కడుపులో ఉన్న బిడ్డ సంగతి వేరు. మాయ అన్ని విషాలనూ అడ్డుకుంటుందన్న నమ్మకం వైద్యంలో చాలాకాలం ఉండేది. జపాన్‌లోని మినమాట దాన్ని తుడిచేసింది. చిస్సో కంపెనీ సముద్రంలోకి వదిలిన పాదరసం చేపల ద్వారా గర్భిణుల ఒంట్లోకి చేరి, అక్కడి నుంచి పిండాన్ని చేరింది. తల్లులు పైకి దాదాపు ఆరోగ్యంగా కనిపిస్తుంటే పిల్లలు నరాల వైకల్యంతో పుట్టారు. ఆ వ్యాధిని 1956లో అధికారికంగా గుర్తించారు. అది పుట్టుకతోనే రాగలదని 1960ల మొదట్లో వైద్యులు నిరూపించారు. పటాన్‌చెరులో పరిశ్రమలు మొదలయ్యేనాటికే ఈ సంగతి ప్రపంచానికి తెలుసు.

డాక్టరు, ఊరేగింపు, కోర్టు

1984 డిసెంబరులో భోపాల్ దుర్ఘటన జరిగింది, 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. ఆ రోజుల్లోనే పటాన్‌చెరు పల్లెల్లో కదలిక మొదలైంది. పటాన్‌చెరులో ప్రాక్టీసు పెట్టిన డాక్టర్ అల్లాణి కిషన్‌రావు దగ్గరికి చర్మవ్యాధులు, ఊపిరి తిప్పలు, కడుపు నొప్పులతో వచ్చే పల్లె జనం ఎక్కువయ్యారు. మందులతో తగ్గిన జబ్బు తిరిగి తిరిగి వస్తుంటే ఆయన నీటి వైపు చూశారు. ఊళ్ల జనాన్ని కూడగట్టి ఊరేగింపులు తీశారు, పాలకులకు అర్జీలు పెట్టారు. తర్వాతి మూడు దశాబ్దాల పోరాటంలో ఆయన పేరు చెప్పకుండా పటాన్‌చెరు కథ సాగదు. రోగి చెప్పే మాటే ఆయనకు మొదటి సాక్ష్యం. బిడ్డకు ఎప్పటి నుంచి దద్దుర్లు, ఏ బావి నీళ్లు తాగుతున్నారు అన్న ప్రశ్నలకు జవాబు చెప్పగలిగేది రోజూ బిడ్డను చూసుకునే మనిషే.

1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో-లీగల్ యాక్షన్ అనే సంస్థ పటాన్‌చెరు కాలుష్యం మీద సుప్రీంకోర్టులో పిటిషన్ వేసింది. కోర్టు ఆదేశంపై సంగారెడ్డిలోని జిల్లా జడ్జి పల్లెల్లో జరిగిన నష్టాన్ని మదింపు చేశారు. రైతులకు పరిహారం, బాధిత గ్రామాలకు మంచినీటి సరఫరా ఈ కేసులో వచ్చిన ముఖ్యమైన ఆదేశాలు. 2001లో సుప్రీంకోర్టు కేసును రాష్ట్ర హైకోర్టుకు పంపింది. అక్కడి నుంచి అది జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు చేరింది. చెన్నై ధర్మాసనం 2017 అక్టోబరులో తీర్పు ఇచ్చింది. పిటిషన్ వేసిన ఏడాది పుట్టిన బిడ్డకు తీర్పు నాటికి 27 ఏళ్లు.

పరిహారాన్ని ఎకరాల లెక్కన కట్టారు. న్యాయస్థానానికి అది సులువైన కొలత. పొలానికి సర్వే నంబరు ఉంటుంది, పట్టా ఉంటుంది, పోయిన పంటకు ధర ఉంటుంది. ఈ కొలతతో డబ్బు పట్టాదారుకే చేరింది. భూమి లేని కూలి ఇంటికి, అదే బావి నీళ్లు తాగినా, ఈ లెక్కలో చోటు లేదు. పట్టాలు ఎక్కువగా మగవాళ్ల పేరిటే ఉంటాయి కాబట్టి ఆడవాళ్లూ ఈ లెక్కకు బయటే. పిల్లల జబ్బుకు నీళ్లే కారణమని చూపాలంటే ఏళ్ల తరబడి ఇంటింటి ఆరోగ్య రికార్డు కావాలి. అలాంటిది పల్లెల్లో ఎవరూ రాసి ఉంచలేదు.

ఆ లోటును పూడ్చే ప్రయత్నం 2004లో జరిగింది. గ్రీన్‌పీస్ సంస్థ మెదక్ జిల్లా ఆరోగ్య స్థితి మీద ఒక సర్వే నివేదిక వెలువరించింది. పరిశ్రమల పక్క ఊళ్లను, వాటికి దూరంగా ఉన్న ఊళ్లను పోల్చి చూసింది. క్యాన్సర్, గుండె జబ్బులు, శ్వాసకోశ వ్యాధులు, చర్మవ్యాధులతో పాటు పుట్టుకతో వచ్చే లోపాలు కూడా పరిశ్రమల పక్క ఊళ్లలో ఎక్కువని చెప్పింది. ఇలాంటి సర్వే ఒక్కో బిడ్డ జబ్బుకు ఒక్కో కంపెనీని బాధ్యురాలిగా చూపలేదు. ఊళ్ల మధ్య తేడా ఉందని మాత్రం చూపగలదు, చూపింది.

కోర్టు ఆదేశాలతో ఊళ్లలోకి మంచినీళ్లు వచ్చాక ఇంటి పని మారింది. దూరం నడిచే బాధ తగ్గి, వేళకు కాచుకునే బాధ మొదలైంది. ట్యాంకరు మీద బతికే ఊళ్లో బిందెలు, ప్లాస్టిక్ డ్రమ్ములు ముందే వరుసలో పెట్టి, బండి వచ్చేదాకా ఒకరు ఇంటి దగ్గరే ఉండాలి. ఆ ఒకరు చాలా ఇళ్లలో తల్లే, లేదా బడి మానిన పెద్ద కూతురు. తర్వాత 20 లీటర్ల క్యాన్లు అమ్మే నీటి ప్లాంట్లు ఊరూరా వెలిశాయి. 2016 ఆగస్టులో మొదలైన మిషన్ భగీరథ ఇంటింటికీ కుళాయి తెచ్చింది. అదే ఏడాది అక్టోబరు 11న సంగారెడ్డి ప్రత్యేక జిల్లా అయింది.

వాగులో మందులు

1994లో పటాన్‌చెరు ఎన్విరోటెక్ లిమిటెడ్ అనే ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం పని మొదలెట్టింది. ఫ్యాక్టరీల నుంచి ట్యాంకర్లలో వచ్చిన నీళ్లను శుద్ధి చేసి వాగులోకి వదిలేవారు. శుద్ధి ప్రధానంగా సూక్ష్మజీవుల మీద ఆధారపడింది. లవణాలు మరీ ఎక్కువైతే ఆ జీవులే బతకవు. కేంద్రానికి చేరాల్సిన ట్యాంకరు దారిలోనే ఏ గుంటలోనో, కాలువలోనో ఖాళీ అయిందన్న ఫిర్యాదులు ఈ ప్రాంతంలో ఇప్పటికీ వినిపిస్తాయి.

2007లో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం ఈ కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి ఫలితాలు ప్రచురించింది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా కనిపించింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదుకన్నా ఇది ఎక్కువ. 2009లో వెలువడిన తదుపరి అధ్యయనం పల్లెల బావుల దాకా వెళ్లింది. నమూనా తీసిన ఆరు బావుల్లోనూ మందుల అవశేషాలు తేలాయి. వాటిలో సెటిరిజిన్ కూడా ఉంది. జలుబుకు, దద్దుర్లకు డాక్టరు రాసే బిళ్ళ అది, పిల్లలకైతే సిరప్పు. తల్లి చెంచాతో కొలిచి పోసే మందు, కొలత లేకుండా బావిలో కలిసి ఉంది.

ఆ మోతాదుల వల్ల నేరుగా జరిగే హాని కన్నా శాస్త్రవేత్తలను ఎక్కువ కలవరపెట్టింది మరొకటి. యాంటీబయాటిక్ నీటిలో నిత్యం నానే బ్యాక్టీరియా దానికి అలవాటుపడి మొండికేస్తుంది. అలా మందును తట్టుకునే జన్యువులు ఈ ప్రాంతపు వాగుల అడుగు మట్టిలో విరివిగా ఉన్నట్టు 2011 పరిశోధనలో వెల్లడైంది. మందులకు లొంగని సూక్ష్మజీవుల బారిన పడితే అందరికంటే ముందు ప్రమాదంలో పడేది నెలలోపు శిశువులు. రక్తానికి ఇన్‌ఫెక్షన్ సోకిన పసికందుకు మొదటి సూది మందు పనిచేయకపోతే రెండోది వెతికే వ్యవధి ఉండదు.

2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని 88 పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసింది. పటాన్‌చెరు–బొల్లారానికి 70.07 వచ్చింది. 70 దాటితే అతి తీవ్ర కాలుష్య ప్రాంతం కిందే లెక్క. ఆ కాలంలోనే పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నీటిని 18 కిలోమీటర్ల పైపుతో హైదరాబాద్ మురుగునీటి వ్యవస్థలోకి మళ్లించి, అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి పంపారు. నక్కవాగుకు కొంత ఊపిరి వచ్చింది. బరువు అంబర్‌పేట పక్కన పారే మూసీ వైపు జరిగింది. చెరువుల కష్టాలు అంతటితో తీరలేదు. 2017లో గండిగూడెం చెరువులో చేపలు కుప్పలుగా చచ్చి తేలాయి.

పనికి పోయిన తల్లి

పొలాలు దెబ్బతిన్న ఇళ్ల నుంచి, బయటి రాష్ట్రాల నుంచి ఆడవాళ్లు ఫ్యాక్టరీ పనికి, భవన నిర్మాణానికి, ఇటుక బట్టీలకు చేరారు. అక్కడ బిడ్డను ఎవరి దగ్గర వదలాలన్నది మొదటి ప్రశ్న. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం 30 మందికి పైగా ఆడవాళ్లు పనిచేసే చోట శిశు సంరక్షణ గది ఉండాల్సి ఉండేది. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలన్నిటికీ ఆ నియమం పెట్టింది, సెలవును 26 వారాలకు పెంచింది. కాంట్రాక్టరు కింద చేరిన కూలీ తల్లి దాకా ఈ హక్కులు రావడం అరుదు. ఆమె పేరు కంపెనీ రిజిస్టరులో కాక కాంట్రాక్టరు పుస్తకంలో ఉంటుంది.

ఆమెకు అందేది అంగన్‌వాడీ. సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది, ఇంచుమించు పటాన్‌చెరు పారిశ్రామిక వాడ ఈడుదే. అంగన్‌వాడీలో కోడిగుడ్డు, భోజనం, టీకాలు, బరువు చూడటం ఉంటాయి. అది మూసే వేళకూ ఫ్యాక్టరీ షిఫ్టు దిగే వేళకూ పొంతన ఉండదు. మధ్యలో మిగిలే గంటలు పక్కింటి ముసలమ్మకో, ఎనిమిదేళ్ల అక్కకో అప్పగింత.

ఒడిశా పశ్చిమ జిల్లాల నుంచి ఇటుక బట్టీలకు వచ్చేవాళ్లు కుటుంబాలతో వస్తారు. ముందే తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా ఎండాకాలమంతా ఇక్కడే. బట్టీ పక్క గుడిసెలో పెరిగే బిడ్డకు సొంత ఊరి బడీ, ఇక్కడి బడీ రెండూ దూరమే. ఒడియా మాటలో చదువు చెప్పే పని స్థలాల బడులు తెలంగాణ బట్టీల దగ్గర నడిచిన చోట్ల ఆ తల్లులకు రెండు మేళ్లు జరిగాయి: బిడ్డ చదువు ఆగలేదు, పొగకూ నిప్పుకూ దూరంగా పగలంతా నీడపట్టున ఉన్నాడు.

పాశమైలారం, 2025 జూన్ 30

ఆ రోజు ఉదయం పాశమైలారంలోని సిగాచి ఇండస్ట్రీస్‌లో భారీ పేలుడు జరిగింది. మందు బిళ్ళల్లో పూరకంగా కలిపే మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ అనే పొడిని అక్కడ తయారు చేస్తారు. మండే స్వభావమున్న సన్నని పొడి గాలిలో లేచి నిప్పు తగిలితే బాంబులా పేలుతుంది. 54 మంది చనిపోయారు. వాళ్లలో ఎనిమిది మంది అవశేషాలు కూడా దొరకక, చనిపోయినట్టు తర్వాత ప్రకటించారు. తెలంగాణ పరిశ్రమల చరిత్రలో ఇంతటి ప్రాణనష్టం అరుదు. మృతుల్లో బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ నుంచి వలస వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు.

కాలిపోయిన దేహాలను పోల్చలేక డీఎన్‌ఏ పరీక్షలు చేశారు. బిడ్డ డీఎన్‌ఏలో సగం తల్లిది, సగం తండ్రిది. కాబట్టి దూర రాష్ట్రాల నుంచి వచ్చిన తల్లిదండ్రుల, తోబుట్టువుల రక్త నమూనాలు తీసుకుని సరిపోల్చి దేహాలు అప్పగించారు. మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున పరిహారం ప్రకటించారు. ఐదు దశాబ్దాల పాటు ఈ ప్రాంతంలో తల్లి కాపు చిన్నపిల్లల చుట్టూ, నీళ్ల చుట్టూ తిరిగింది. పాశమైలారంలో పోయిన బిడ్డలు జీతానికి చేరిన పెద్దవాళ్లు, వాళ్లలో చాలామంది తల్లులు దూర రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు. అక్కడ తల్లి జాగ్రత్తకు చేయగలిగింది ఏమీ లేదు. పొడి పేరుకోకుండా చూడటం, యంత్రం వేడిని కనిపెట్టడం, తనిఖీ చేయడం ఫ్యాక్టరీ పని, ప్రభుత్వం పని.

అర్ధ శతాబ్దం తర్వాత

1970ల నడుమ నుంచి నేటి దాకా చూస్తే పిల్లల భద్రతకు అసలైన మేలు చేసినవి మూడు: వేరే చోటి నుంచి తెచ్చిన మంచినీరు, వాగులోకి వదలకుండా మళ్లించిన వ్యర్థ జలాలు, అంగన్‌వాడీ, టీకా వంటి ప్రజారోగ్య ఏర్పాట్లు. మూడూ ఇంటి బయటివే. మొదటి రెండూ ఊళ్ల పోరాటం వల్ల, కోర్టు ఒత్తిడి వల్ల వచ్చాయి. అవి వచ్చేదాకా గడిచిన రెండు మూడు దశాబ్దాల ఖాళీని నింపింది ఆడవాళ్ల నడక, నిరీక్షణ, వదులుకున్న కూలి. భూగర్భ జలం వాగు కన్నా నెమ్మదిగా కదులుతుంది, అందులో చేరిన విషం అంతకన్నా నెమ్మదిగా పోతుంది. కుళాయి వచ్చిన ఊళ్లలో కూడా చాలాచోట్ల పాత బోరు నీళ్లు తాగడానికి పనికిరావు. కుళాయి ఆగిన రోజున ఏ నీళ్లు పట్టాలో, ఏవి పట్టకూడదో తెలిసి ఉండటం ఈ ఊళ్లలో ఇప్పటికీ ఇంటి బాధ్యతే.

(వచ్చే భాగం: ఇదే జిల్లా పడమటి కొసన, జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో దళిత మహిళా సంఘాలు బీడు భూముల్లో జొన్న, చిరుధాన్యాలు పండించి పిల్లల కడుపు నింపిన కథ)